నవోదయ, సైనిక్ స్కూల్ పరీక్షలకు ఐదో తరగతి పిలకాయల లెక్కలు, రీజనింగ్: ఏది ముందు, ఎట్టా చేయించాలి?

ఉదయగిరి_ఎస్జీటీ
ఐదో తరగతి పిలకాయలను నవోదయకు తయారు చేస్తున్నాం. ఇద్దరు సైనిక్ స్కూల్‌కి కూడా రాస్తారు. భిన్నమైన బొమ్మ, బొమ్మల శ్రేణి బాగానే పెడుతున్నారు. కాగితం మడిచి రంధ్రం చేసే బిట్లు, దాగిన బొమ్మ వెతికే బిట్లు వచ్చేసరికి ఏదో ఒకటి గుడ్డిగా దిద్దేస్తున్నారు. లెక్కల్లో ఇంకో తంటా. 36, 48ల గ.సా.భా. (గరిష్ఠ సామాన్య భాజకం) ఎంతంటే టక్కున చెప్తారు, అదే డబ్బాలూ కొలపాత్ర అని వాక్యంలో ఇస్తే క.సా.గు. (కనిష్ఠ సామాన్య గుణిజం) చేసి కూర్చుంటారు. గైడ్లలో బిట్లకు కొదవ లేదు, ఎట్టా చెప్పాలో మాత్రం ఉండదు. రోజుకో మోడల్ పేపర్ పెట్టించమని కొందరంటున్నారు. తెలిసినవాళ్లు వివరంగా రాయండి.

పినాకిని_లెక్కలు
సార్, ముందు ఆ రెండు పరీక్షలనూ విడదీసి చూడండి. నవోదయ ఆరో తరగతి ప్రవేశ పరీక్ష 80 బిట్లు, 100 మార్కులు, 2 గంటలు. మెంటల్ ఎబిలిటీ 40 బిట్లకు 50 మార్కులు, లెక్కలు 20 బిట్లకు 25, భాష 20 బిట్లకు 25. మెంటల్ ఎబిలిటీ అంతా బొమ్మలే, అంటే సగం మార్కులు బొమ్మలవే. సైనిక్ స్కూల్ ఆరో తరగతిది దీనికి తలకిందులు. 300 మార్కుల్లో లెక్కలు ఒక్కటే 50 బిట్లకు 150. ఇంటెలిజెన్స్, భాష, జీకే ఒక్కోటి 25 బిట్లకు 50. అంతా కలిపి 125 బిట్లు, 150 నిమిషాలు. కాబట్టి మర్రిపాడు మండలం కృష్ణాపురం నవోదయకో, ఒంగోలు నవోదయకో రాసే పిల్లకు రోజూ బొమ్మలు ముందు. కోరుకొండ సైనిక్ స్కూల్‌కో కలికిరి సైనిక్ స్కూల్‌కో రాసేవాడికి లెక్కలు ముందు. ఇద్దరికీ ఒకే టైంటేబుల్ వేస్తే ఒకరికి నష్టం.

నవోదయ బొమ్మల బిట్లు పది రకాలు, రకానికి నాలుగు. భిన్నమైనది, అచ్చంగా అదే బొమ్మ, ఖాళీ భాగం నింపడం, శ్రేణి, పోలిక, త్రిభుజం చతురస్రం వృత్తం పూర్తి చేయడం, అద్దం, మడత రంధ్రం, ముక్కలు కలపడం, దాగిన బొమ్మ. పదే రకాలు కాబట్టి మొదట్లో పేపర్లు వద్దు, రకాలు పట్టుకోండి. ఒక రకం తీసుకుంటే మూడు నాలుగు రోజులు అదే. బిట్‌కు సగటున నిమిషంన్నర దొరుకుతుంది. 'అచ్చంగా అదే బొమ్మ' బిట్‌కి 30 సెకన్లు చాలు. అక్కడ మిగిలిన సమయమే మడతలకూ దాగిన బొమ్మకూ పెట్టుబడి.

నోటిఫికేషన్ మాత్రం ఏటా కొత్తగా చదవండి. పోయిన ఏడాది గైడ్ చూసి నమూనా ఇదేనని అనుకోవద్దు.

ఒంగోలు_కాగితం
మడత రంధ్రం సంగతి నేను రాస్తా. ఇది బోర్డు మీద చెప్పే విషయం కాదు, పాత నోటుబుక్కు కాగితాలు కావాలి. 12 సెంటీమీటర్ల చతురస్రం కోసి, స్కేలుతో 4 వరుసలు, 4 నిలువులు గళ్లు గీయించండి. గడి 3 సెంటీమీటర్లు వస్తుంది.

కుడి సగాన్ని ఎడమ సగం మీదికి మడవండి. తర్వాత కింది సగాన్ని పై సగం మీదికి. ఇప్పుడు 1వ వరుస 2వ నిలువు గడిలో పెన్సిల్ మొనతో గుచ్చండి. విప్పకముందే రంధ్రాలు ఎక్కడెక్కడ వస్తాయో పిల్లలు వేరే కాగితం మీద గుర్తు పెట్టాలి. విప్పి చూడ్డం ఆ తర్వాతే. ముందు విప్పితే ఏమీ నేర్చుకోరు, చూసి ఊరుకుంటారు.

విప్పేటప్పుడు చివరి మడత ముందు. కింది సగం తెరిస్తే 4వ వరుస 2వ నిలువులో ఒకటి. కుడి సగం తెరిస్తే 1వ వరుస 3వ నిలువులో, 4వ వరుస 3వ నిలువులో రెండు. మొత్తం నాలుగు, అన్నీ నిలువు మడత గీతకు ఆనుకున్న గళ్లలోనే ఉంటాయి. తప్పు పెట్టే పిల్లలు ఏం గీస్తారో చూడండి: 2వ నిలువు, 4వ నిలువు. అంటే రంధ్రాన్ని అట్లాగే పక్కకు జరిపేశారు, తిప్పలేదు. పది తప్పుల్లో ఎక్కువ భాగం ఇదే. మందు ఒక్కటే. మడత గీత నుంచి రంధ్రానికి ఎన్ని గళ్ల దూరమో అటువైపు కూడా అన్నే గళ్లు అని వేలితో కొలిపించడం.

ఐమూల మడత అయితే ఇంకా తేలిక. పై ఎడమ మూల నుంచి కింది కుడి మూలకు గీత ఉంటే, వరుస నిలువు అంకెలు తారుమారవుతాయి. 1వ వరుస 3వ నిలువు రంధ్రానికి జోడీ 3వ వరుస 1వ నిలువు.

ఆప్షన్లు తీసేయడానికి ముందు రంధ్రాల సంఖ్య చూడాలి. అన్ని పొరల్లోంచీ గుచ్చితే ఒక మడతకు 2, రెండు మడతలకు 4, మూడు మడతలకు 8. మూల మాత్రమే మడిచినప్పుడు జాగ్రత్త: రెండు పొరలున్న చోట గుచ్చితే 2, ఒంటి పొర మీద గుచ్చితే 1. మడత గీత మీదే అర్ధవృత్తం కత్తిరిస్తే విప్పాక ఒక నిండు వృత్తం వస్తుంది, రెండు కాదు. ఈ చివరి రకం గైడ్లలో తక్కువ, అందుకే పిల్లలు తడబడతారు.

కావలి_స్పీడ్
ఇంత కాగితాల తతంగం అవసరమా అన్నా? రోజుకో పేపర్ రాయిస్తే స్పీడు దానంతట అదే వస్తుంది. బిట్లు ఎంత ఎక్కువ చూస్తే అంత మంచిది.

పొదిలి_టీచరమ్మ
స్పీడు వస్తుంది, కానీ తప్పుడు దారిలో కూడా వస్తుంది. రంధ్రాన్ని పక్కకు జరిపే అలవాటున్న పిల్ల 30 పేపర్లు రాస్తే 30 సార్లు అదే జరుపుడు, ఇంకా వేగంగా. పేపర్ చివరి నెలలో వారానికి రెండు చాలు. మర్నాడు కొత్త పేపర్ ముట్టుకోకూడదు, ఆ రోజు తప్పుల పనికే.

తప్పుల పని అంటే జవాబు చెప్పేసి 'అర్థమైందా' అనడం కాదు. ఒక్కో పిల్లకు ఒక కాగితం పెట్టి, ప్రతి తప్పు పక్కనా ఒక అక్షరం రాయించండి. ప్రశ్న సరిగా చదవకపోతే 'చ', పద్ధతి తెలియకపోతే 'ప', పద్ధతి తెలిసి కూడిక తీసివేతలో జారితే 'క', జవాబు వచ్చినా బబుల్ తప్పు దిద్దితే 'బ', సమయం చాలకపోతే 'స'. రెండు పేపర్లు కాగానే ఎవరికి ఏది ఎక్కువో కనిపిస్తుంది. 'క' ఎక్కువున్న పిల్లకు కొత్త అధ్యాయం చెప్పి లాభం లేదు, సున్నాలున్న తీసివేతలు చేయించాలి. 5003 నుంచి 1847 తీసేయమనండి, 3156 రావాలి. అప్పు తెచ్చుకునేటప్పుడు మధ్యనున్న సున్నాలు 9 కావడం మర్చిపోతే ఎక్కడ మర్చిపోయారో రఫ్ పనిలోనే దొరికిపోతుంది. 'ప' ఉన్న పిల్లకు అదే రకం ఐదు బిట్లు, తేలిక నుంచి కష్టానికి. 'చ' ఉన్న పిల్లతో ప్రశ్న గట్టిగా చదివించి, ఏం అడిగారో సొంత మాటల్లో చెప్పించాలి.

తప్పు బిట్‌ను అంకెలు మార్చి వారం తర్వాత మళ్లీ పెట్టండి. అవే అంకెలతో పెడితే జవాబు బట్టీగా వచ్చేస్తుంది.

కావలి_స్పీడ్
అక్షరాల పద్ధతి బాగుంది మేడం, అది వాడతా. చివరి నెలలో పేపర్లు వారానికి రెండంటే మాత్రం తక్కువే, మూడు పెట్టొచ్చు. ఓఎంఆర్ (బబుల్స్ దిద్దే జవాబు పత్రం) అలవాటు కూడా కావాలి గదా.

పినాకిని_లెక్కలు
ఓఎంఆర్ గురించి వేరేగా రాయాలి. ఇక్కడ పోయే మార్కులు తెలివికి సంబంధించినవి కావు. ఒక బిట్ వదిలేసి ముందుకు పోయినప్పుడు బబుల్ మాత్రం వదలకుండా దిద్దుతారు, అక్కడి నుంచి అన్నీ ఒక వరుస జారతాయి. అందుకని ఖాళీ ఓఎంఆర్ జిరాక్స్‌లు ఇంట్లోనే వాడించండి. ప్రతి బబుల్ ముందు ప్రశ్న నంబరు పెదాలతో అనుకోవాలి. ప్రతి 10 బిట్లకు ఒకసారి ప్రశ్న నంబరూ ఓఎంఆర్ నంబరూ సరిచూడాలి. నీలం లేదా నలుపు బాల్‌పెన్‌తోనే చేయించండి. పెన్సిల్‌తో అలవాటైతే చెరిపి దిద్దొచ్చన్న భరోసా చేతికి ఎక్కుతుంది. బబుల్‌కు 6 సెకన్లు అనుకుంటే 80 బబుల్స్‌కు 8 నిమిషాలు. అంటే 2 గంటలు అనుకునేది నిజానికి 112 నిమిషాలే.

ఈ రెండు పరీక్షల్లోనూ తప్పుకు మార్కు కోత లేదు కాబట్టి ఒక్క బబుల్ కూడా ఖాళీగా వదలొద్దు. వేరే పోటీ పరీక్షలకు ఈ నియమం మారొచ్చు.

దర్శి_నాన్న
దాగిన బొమ్మ ఎవరూ రాయలేదు. మా పాప ఆ నాలుగు బిట్ల దగ్గరే నిమిషాలు పోగొడుతుంది.

ఒంగోలు_కాగితం
బొమ్మ మొత్తాన్ని వెతుకుతుంది, అదే కారణం. ఇచ్చిన బొమ్మలో అరుదుగా ఉండే మూల ఒకటి పట్టుకోమనండి: సన్నటి కోణమో, లోపలికి వంగిన మూలో. నాలుగు ఆప్షన్లలోనూ ఆ మూల ఉందా లేదా అన్నదే మొదటి ప్రశ్న. సాధారణంగా రెండు ఆప్షన్లు అక్కడే పోతాయి. మిగిలినవాటిలో ఆ మూల నుంచి బయల్దేరి గీత గీతా వేలితో నడవాలి. మధ్యలో వేరే గీత అడ్డం వచ్చినా పర్లేదు, మన గీత తెగకూడదు. పిల్లలు ఆకారం కుదిరితే చాలనుకుంటారు, పొడవు చూడరు. ఒక భుజం సగమే ఉన్న ఆప్షన్ సరిగ్గా వాళ్ల కోసమే పెడతారు.

ఇంట్లో బటర్ పేపర్ మీద బొమ్మ దించి ఆప్షన్ల మీద పెట్టి చూపించండి. మొదటి వారం వరకే. తర్వాత ఆ కాగితం దాచేయాలి, పరీక్షలో అది ఉండదు.

చతురస్రం పూర్తి చేసే బిట్లకు చిన్న కిటుకు ఒకటి. ఇచ్చిన ముక్కలో చతురస్రం లంబకోణపు మూలలు ఎన్ని నిండుగా ఉన్నాయో లెక్కించండి. రెండుంటే జవాబు ముక్కలో మిగతా రెండు ఉండాలి. కత్తిరింపు గీత సరిగ్గా మూల గుండా పోతే మాత్రం ఈ లెక్క పనికిరాదు.

ఉదయగిరి_ఎస్జీటీ
బొమ్మలకు దారి దొరికింది. వాక్య లెక్కలు?

పొదిలి_టీచరమ్మ
లెక్క మొదలుపెట్టే ముందు మూడు చిన్న మాటలు రాయించండి సార్. ఏం ఇచ్చారు, ఏం అడిగారు (కిలోలా, బస్తాలా, నిమిషాలా), జవాబు ఇచ్చిన అంకెల కంటే పెద్దదా చిన్నదా. మీ డబ్బాల తంటా ఈ మూడోదానితో తీరుతుంది. 36, 48 లీటర్ల డబ్బాలు రెండిట్నీ మిగలకుండా కొలిచే అతి పెద్ద పాత్ర. ఆ పాత్ర 36 లీటర్ల కంటే పెద్దదిగా ఉంటుందా? ఉండదు. చిన్నదైతే గ.సా.భా., 12 లీటర్లు. కావలి బస్టాండు నుంచి ఒక బస్సు 12 నిమిషాలకు, ఇంకోటి 18 నిమిషాలకు బయల్దేరుతుంది, 6 గంటలకు రెండూ కలిసి కదిలాయి, మళ్లీ ఎప్పుడు కలిసి కదులుతాయి? 18 నిమిషాల లోపు కుదరదు, జవాబు పెద్దది, క.సా.గు. 36, అంటే 6:36. 'గరిష్ఠ', 'కనిష్ఠ' అన్న మాటలను చూసి నిర్ణయించడం నేర్పొద్దు. 'అతి పెద్ద పాత్ర' అనగానే పెద్ద సంఖ్య రావాలనుకుని క.సా.గు. చేసేది అందుకే.

ఇంకో సంగతి, లెక్కలు మన ఊరి కొలతల్లో తయారు చేసుకోండి. ఎకరాకు 3 పుట్ల చొప్పున 2 ఎకరాల్లో పండిన వడ్లను 75 కిలోల బస్తాల్లో నింపితే ఎన్ని బస్తాలు? నెల్లూరు పుట్టి 850 కిలోలు. 6 పుట్లు, 5100 కిలోలు, 68 బస్తాలు. ఆప్షన్లలో 6, 5100 కూడా పెట్టండి. ప్రశ్నపత్రం తయారు చేసేవాళ్లు మధ్యలో వచ్చే అంకెలను ఆప్షన్లుగా పెడతారు, ఒక మెట్టు ముందే ఆగిపోయిన పిల్ల సంతోషంగా అది దిద్దేస్తుంది. తర్వాత బస్తా 80 కిలోలు చేయండి. 63 నిండి 60 కిలోలు మిగులుతాయి. 'ఎన్ని బస్తాలు నిండుతాయి' అంటే 63, 'మొత్తం వడ్లకు ఎన్ని బస్తాలు కావాలి' అంటే 64. భాగహారం ఒకటే, జవాబు ప్రశ్నను బట్టి మారుతుంది.

పినాకిని_లెక్కలు
మేడం రాసినదానికి సూక్ష్మీకరణలు చేరుస్తా, సైనిక్‌కు రాసే ఇద్దరికీ ఇవి ముఖ్యం. 48 ÷ 6 × 2 ఎంత? 16. గుణకారం ముందు చేసినవాడికి 4 వస్తుంది. 20 − 8 + 5 ఎంత? 17. కూడిక ముందు చేస్తే 7. 'బాడ్‌మాస్' అన్న అక్షరాల వరుసను (బ్రాకెట్లు, 'ఆఫ్', భాగహారం, గుణకారం, కూడిక, తీసివేత) బట్టీ పట్టడం వల్లే రెండోది తప్పుతుంది, అందులో కూడిక తీసివేత కంటే ముందుంటుంది కాబట్టి. భాగహారం, గుణకారం సమానం, కూడిక, తీసివేత సమానం, సమానమైనవి వస్తే ఎడమ నుంచి కుడికి. అంతవరకు చెప్పకపోతే ఆ సూత్రమే తప్పుదారి పట్టిస్తుంది.

దశాంశాల్లో రెండు తప్పులు దాదాపు అందరివీ. 0.45 కంటే 0.6 పెద్దది, కానీ 45 పెద్దదిగా కనిపిస్తుంది. 0.6ను 0.60 అని రాయించాలి. 0.3 × 0.2 = 0.06, పిల్లలు 0.6 అంటారు. 'పదింట మూడులో పదింట రెండో వంతు' అని నూరు గళ్ల చతురస్రం మీద రంగు వేయిస్తే ఆరు గళ్లే వస్తాయి.

భిన్నాలు పోల్చడానికి అడ్డగుణకారం చాలు. 3/5, 4/7 ఇస్తే 3 × 7 = 21, 4 × 5 = 20, కాబట్టి 3/5 పెద్దది.

గుణకారం సరిచూడ్డానికి అంకెల మొత్తం వాడతారు. 247 × 36 = 8892. 247 అంకెల మొత్తం 13, మళ్లీ 4. 36ది 9. 4 × 9 = 36, మళ్లీ 9. 8892ది 27, మళ్లీ 9. కుదిరింది. కానీ ఆప్షన్లలో 8982 ఉంటే? దానికీ 9 వస్తుంది, చివరి అంకె కూడా 2. అంకెలు తారుమారైతే ఈ పద్ధతి పట్టుకోలేదు. 250 × 36 = 9000, అందులోంచి 3 × 36 = 108 తీసేస్తే 8892. ఇది నమ్మకమైన దారి, పిల్లకు సంఖ్యల మీద పట్టు కూడా వస్తుంది.

దర్శి_నాన్న
గడియారం అద్దంలో ఎంత చూపిస్తుంది అన్న బిట్లకు 11:60 నుంచి తీసేయమని, నీళ్లలో అయితే 18:30 నుంచి తీసేయమని కొన్ని గైడ్లలో ఉంది. రెండూ నేర్పొచ్చా?

ఒంగోలు_కాగితం
మొదటిది నేర్పండి. 4:20 అయితే 11:60 − 4:20 = 7:40. అద్దంలో కుడి ఎడమలు మారినా ముళ్లు నిజమైన గడియారంలో ఉన్నట్టే ఉంటాయి, అసలు సమయం, అద్దం సమయం కలిపితే 12 గంటలు. 12:15 వస్తే 12ను సున్నాగా తీసుకోవాలి, జవాబు 11:45.

రెండోదానికి పునాది లేదు. సరిగ్గా 12 గంటలప్పుడు రెండు ముళ్లూ పైకి ఉంటాయి, నీళ్లలో రెండూ కిందికి, 6 మీద. 18:30 సూత్రం 6:30 అంటుంది. కానీ 6:30కి చిన్నముల్లు 6, 7ల మధ్య ఉండాలి గదా? రెండూ 6 మీద ఉన్న సమయం ఏ గడియారంలోనూ రాదు. అట్లాంటి బిట్‌కు సమయం లెక్కకట్టకుండా, ముళ్లను పైకిందులు చేసి గీసి ఆప్షన్ బొమ్మతో పోల్చడమే సరైన పద్ధతి. నవోదయ అద్దం బిట్లలో ఎక్కువగా బొమ్మలే కాబట్టి అక్కడ ఈ గొడవ తక్కువ.

కోవూరు_అమ్మ
ఇవన్నీ ఐదో తరగతికి కదా. మూడో తరగతి బాబు ఎస్ఓఎఫ్ (సైన్స్ ఒలింపియాడ్ ఫౌండేషన్) లెక్కల ఒలింపియాడ్ రాస్తాడు. చిన్నపిల్లలకు ఎక్కడ మొదలుపెట్టాలండీ?

పొదిలి_టీచరమ్మ
1 నుంచి 4 తరగతులకు అది 35 బిట్లు, 40 మార్కులు, గంట. రీజనింగ్ 10, లెక్కలు 10, నిత్యజీవిత లెక్కలు 10, చివర 5 కష్టమైనవి, వాటికి రెండేసి మార్కులు. ఆ ఐదింటితో మొదలుపెట్టొద్దండీ, మిగతా 30 కుదిరాక చూడొచ్చు.

సంఖ్యల శ్రేణికి చూసే వరుస ఒకటి అలవాటు చేయండి. ముందు పక్కపక్క తేడాలు, అవి కుదరకపోతే రెట్లు, అదీ కాకపోతే ఒకటి విడిచి ఒకటి. 2, 6, 12, 20, 30 అంటే తేడాలు 4, 6, 8, 10, తర్వాతది 42. 3, 10, 5, 12, 7, 14 అంటే రెండు శ్రేణులు కలిపి అల్లారు, తర్వాతది 9. పిల్లలు మొదటి రెండు సంఖ్యలు చూసి '7 కలపాలి' అని ఖాయం చేసుకుంటారు, మూడోదానితో సరిచూడరు.

ముగ్గుల చుక్కలు మంచి సాధన. మధ్యలో 7 చుక్కలు పెట్టి సందు చుక్కతో (పక్క వరుస చుక్కలు ఈ వరుస సందుల్లో, ఒక్కోటి తగ్గుతూ) 4 వరకు తగ్గిస్తే మొత్తం ఎన్ని? 7, రెండు వైపులా 6, 5, 4. అంటే 7 + 30 = 37. ఎదురు చుక్కతో (చుక్కకు ఎదురుగా చుక్క, రెండేసి తగ్గుతూ) 7 నుంచి 1కి అయితే 7, రెండు వైపులా 5, 3, 1, మొత్తం 25. ఇంటి ముందు వేసి లెక్కించుకోవచ్చు.

వరుసలో స్థానం బిట్లు: ఎడమ నుంచి 7వ వాడు కుడి నుంచి 12వ వాడైతే వరుసలో 18 మంది. 19 ఎందుకు కాదంటే వాడినే రెండుసార్లు లెక్కపెట్టాం. సూత్రం చెప్పకుండా చింతగింజలు పరిచి చూపించండి.

దిక్కులకు మన పిల్లలకు సముద్రం ఉంది. మైపాడు బీచ్‌లో సముద్రం వైపు తిరిగి నిలబడితే ఎదుట తూర్పు, ఎడమచేయి ఉత్తరం, కుడిచేయి దక్షిణం. కాగితం మీద తప్పు ఎక్కడొస్తుందంటే, దారి కిందికి పోతున్నప్పుడు 'ఎడమకు తిరిగాడు' అంటే పిల్లలు తమ ఎడమవైపు గీస్తారు. అప్పుడు కాగితాన్నే తిప్పి పట్టుకోమనండి, నడుస్తున్న దిక్కు ఎప్పుడూ పైకి ఉండేట్టు. పది బిట్లయ్యాక తిప్పాల్సిన పని ఉండదు.

కావలి_స్పీడ్
చిన్నపిల్లలకు చతురస్రాలు లెక్కపెట్టే బిట్లు కూడా వస్తాయి. 4 × 4 గళ్లలో చతురస్రాలు ఎన్ని అంటే 16 అని వదిలేస్తారు.

పొదిలి_టీచరమ్మ
సైజుల వారీగా లెక్కపెట్టించాలి. ఒక గడివి 16, రెండు గళ్ల భుజంవి 9, మూడువి 4, మొత్తం బొమ్మ 1. అన్నీ 30. సైజు మారినప్పుడు రంగు పెన్సిల్ మార్చమంటే మర్చిపోరు.

ఉదయగిరి_ఎస్జీటీ
అదే బొమ్మలో దీర్ఘచతురస్రాలు అడిగితే? పెద్దపిల్లల గైడ్‌లో ఉంది, సైజుల వారీగా చేస్తే తెగడం లేదు.

పినాకిని_లెక్కలు
దానికి గళ్లను వదిలి గీతలు లెక్కపెట్టాలి సార్. నిలువు గీతలు 5. దీర్ఘచతురస్రానికి అందులో రెండు కావాలి. మొదటి గీతకు జోడీలు 4, రెండోదానికి కొత్తవి 3, తర్వాత 2, 1, మొత్తం 10. అడ్డగీతల్లో కూడా 10. ఒక్కో నిలువు జోడీ ఒక్కో అడ్డ జోడీతో కలిసి ఒక బొమ్మ అవుతుంది, కాబట్టి 10 × 10 = 100. చతురస్రం కూడా దీర్ఘచతురస్రమే కాబట్టి ఈ 100లో మేడం చెప్పిన 30 ఉన్నాయి. 'చతురస్రాలు కాని దీర్ఘచతురస్రాలు' అని అడిగితే 70. పిల్లలతో ముందు 2 × 2 గళ్ల మీద చేయించండి, 9 వస్తాయి. వేలితో సరిచూసుకోగలిగిన చోట పద్ధతి మీద నమ్మకం కుదిరితే 4 × 4కి భయపడరు.